సీసా మెడకు ఎర్ర దారం

మా ఇంట్లో కంటి మందు సీసా ఎవరిదైనా సరే, దాని మెడకు ఒక రంగు దారం కట్టి ఉంటుంది. నాది పచ్చ, మా తోడికోడలిది ఎరుపు, మనవరాలిది నీలం. ఒకరి సీసా ఇంకొకరు ముట్టుకుంటే నేను ఊరుకోను.

"ఏంటి నాయనమ్మా, చుక్కల మందుకి కూడా నగలు చేయిస్తావా?" అని మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ. దానికి తెలియని సంగతి ఏమిటంటే, ఆ ఎర్ర దారం వెనక ఒక కన్ను ఉంది. మా చిన్నదాని ఎడమ కన్ను.

చిన్నది అంటే మా తోడికోడలు, నా మరిది భార్య. యాభైకి దగ్గరపడింది, జుట్టు సగం నెరిసింది, అయినా నాకు చిన్నదే. ఇద్దరం ఒకే దుకాణంలో రఫ్ఫు పని చేస్తాం. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణం అది. ముందు గదిలో ఆవిరి మిషన్లు బుసలు కొడుతుంటాయి. వెనక గదిలో పొడుగాటి బల్ల, దాని మీద మెడలు వంచిన దీపాలు, వాటి కింద మేం ఐదుగురం ఆడవాళ్లం. చిమ్మట కొట్టిన చోట, నిప్పురవ్వ పడిన చోట, మేకు పట్టుకుని చిరిగిన చోట, ఆ బట్ట మడతలోంచే పోగులు లాగి నిలువుగా పడుగు వేస్తాం, అడ్డంగా పేక నడుపుతాం. అక్కడ చిల్లు ఉండేదన్న సంగతి ఆ బట్టకే గుర్తుండకూడదు. అదీ మా పని.

నేను చదివింది మూడో తరగతి, అదీ వానాకాలం వరకే. అక్షరాలు కూడబలుక్కుంటే గానీ రావు. కానీ ముప్ఫై ఏళ్ల కింద మా బల్ల మీదకి వచ్చిన కోటుకు ఏ జేబు పక్కన చిల్లుందో అడగండి, చెబుతాను. ఆ చిల్లు పడిన కారణం అడిగితే అదీ చెబుతాను, కాకపోతే ఆ కోటాయన పెళ్లాం వినకూడదు.

ఆ దుకాణంలో సూదుల సొరుగులో ఎప్పుడూ ఒక కంటి మందు సీసా ఉండేది. 'దుకాణం సీసా' అనేవాళ్లం. రోజంతా దీపం కింద సన్నపోగులు చూస్తే కళ్లు మండుతాయి, ఎర్రబడతాయి. అప్పుడు సొరుగు తీసేవాళ్లు, నన్ను పిలిచేవాళ్లు. చుక్క వెయ్యడం నా పని, ఎందుకంటే అందరిలోకీ వణకనిది నా చెయ్యే. నేను చుక్క వేస్తే బుగ్గ మీదకి కారడం అన్నది ఉండదు. సీసా ముక్కు తెచ్చి కంటి కొలికికి ఆనించి, రెప్ప వెంట్రుకల మీద వాల్చి, మెల్లగా నొక్కేదాన్ని. చుక్క దానంతటది లోపలికి జారేది. రఫ్ఫు వాళ్లం కదా, అర అంగుళం పోగు కూడా పారెయ్యం, మందు పారేస్తామా? ఐదుగురికీ అదే సీసా, అదే ముక్కు, అదే చెయ్యి. ఆ చెయ్యి చూసుకుని నాకు ఎంత మురిపెమో చెప్పలేను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

ఇది జరిగిన సంవత్సరం లాయర్ల గౌన్లు వచ్చాయి. కోర్టు సెలవులు ముగిసి తలుపులు తెరిచేలోగా నలభై గౌన్లు బాగుచేసివ్వాలి. బీరువాలో పెట్టి మరిచిపోయారట, చిమ్మటలు జల్లెడ చేసి వదిలాయి. నలుపు మీద నలుపు రఫ్ఫు అంటే మా పనిలో అన్నిటికన్నా కష్టం. పడుగెక్కడో పేకెక్కడో కన్ను చెప్పాలి, వేలు చెప్పలేదు. నలుపు మీద నలుపు నడిపేవాళ్లం మా ఐదుగురిలో ఇద్దరమే, నేనూ చిన్నదీ. నిజం చెప్పాలంటే చిన్నదే ముందు, నేను దాని వెనక.

సోమవారం పొద్దున అది దుకాణానికి వచ్చేసరికి ఎడమ కంటి రెప్పలు ఉబ్బి ఉన్నాయి.

"ఏమేవ్, ఏడ్చావా? మా మరిది ఏమన్నాడు?" అన్నాను.

"ఆయన ఊళ్లో ఉంటే కదా ఏమన్నా అనడానికి! లారీ ఎక్కి నాలుగు రోజులైంది. లేచేసరికి కన్ను అతుక్కుపోయి ఉందక్కా. పచ్చగా ఇంత పుసి. తడిగుడ్డతో తుడిస్తే గానీ తెరుచుకోలేదు."

మా మాటలు యజమాని విన్నాడు. ఆయన్ని వెనకాల మేం గడియారం అంటాం. గోడ మీది గడియారమైనా అప్పుడప్పుడు ఆగుతుంది గానీ ఆయన ఆగడు. వాళ్ల నాన్న హయాంలో, ఉతికిన దుప్పట్ల గంపలో పడి నిద్రపోయేవాడు. ముక్కు తుడిచింది నేనే. అందుకే నన్ను పెద్దమ్మా అంటాడు, నేను బాబూ అంటాను.

"కళ్లకలకేగా!" అన్నాడు. "సీసా ఉందిగా. మా అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చిన మందు, మామూలుది కాదు. ఒక చుక్క వెయ్యి పెద్దమ్మా, సాయంత్రానికి కడిగిన గాజులా ఉంటుంది కన్ను."

వేశాను. కొలికికి ఆనించి, రెప్పల మీద వాల్చి, ఒక్క బొట్టు బయట పడకుండా. మధ్యాహ్నం ఇంకోటి, సాయంత్రం ఇంకోటి.

మంగళవారానికి ఎరుపు సగం పోయింది. "చూశారా!" అని గడియారం గది మధ్యలో నిలబడి చెప్పాడు, ఆ మందు తనే కనిపెట్టినట్టు. నేను మళ్లీ మూడుసార్లు వేశాను. చిన్నది మాత్రం ఆ రోజు మాట్లాడలేదు. అది మాట్లాడకపోతే నాకు అనుమానం రావాలి. వానపడ్డా, ఎండకాసినా నోరు మూయని మనిషి. కానీ గౌన్ల హడావుడిలో నేను పట్టించుకోలేదు.

బుధవారం పదిగంటలప్పుడు సూది కింద పెట్టి అడిగింది. "అక్కా, నీ దీపం చుట్టూ ఉంగరం ఉందేంటి?"

"ఉంగరమా? నాకెవరు పెడతారే ఈ వయసులో?"

అది నవ్వలేదు. "వెలుతురు గుచ్చుతోందక్కా. కంట్లో సూది ముక్క విరిగినట్టుంది. నల్లదారం, నల్లబట్ట, రెండూ ఒకటే ముద్దలా కనబడుతున్నాయి."

దీపం పక్కకి తిప్పి దాని గడ్డం పైకెత్తి చూశాను. కన్ను ఎర్రగా లేదు. కానీ నల్లగుడ్డు మీద, కింది వైపు, ఆవగింజలో సగం ఉంటుందేమో, తెల్లటి చుక్క. ముప్ఫై తొమ్మిదేళ్లుగా నల్ల గుడ్డ మీద తెల్లపోగు ఎక్కడ తేలినా పట్టుకునే కన్ను నాది. ఈ తెల్లది పోగు కాదు.

"లే," అన్నాను.

"ఈ ఒక్క చిల్లు..."

"లే అంటున్నానా!"

గడియారం తలుపు దగ్గర అడ్డం వచ్చాడు. "ఎక్కడికి పెద్దమ్మా, పని వేళ?"

"కళ్ల డాక్టరు దగ్గరకి."

"దానికి మీ ఇద్దరూనా? ఇంకో చుక్క వేస్తే పోదూ? శనివారం గౌన్లు ఇచ్చేశాక నేనే తీసుకెళ్తాను, నా మాట విను."

"గౌనుకు చిల్లు పడితే నేను పూడుస్తాను బాబూ. కంటికి పడితే పడుగు ఎక్కడ్నించి లాగమంటావ్?"

"అంత పెద్ద మాటలెందుకు? ఇప్పుడు వెళితే మీ కుర్చీల్లో వేరేవాళ్లు కూర్చుంటారు మరి."

"కూర్చోబెట్టు. నలుపు మీద నలుపు ఎలా నడుస్తుందో నేనూ చూస్తా." సొరుగు తీసి, దుకాణం సీసా తీసి, చేతిసంచిలో వేసుకున్నాను. "ఇదీ నాతో వస్తుంది. ఏం పోశానో డాక్టరుకు చూపించాలి."

నా మొగుడు పోయిన రోజున కూడా పనివేళలో ఆ తలుపు దాటడానికి సెలవు అడిగిన మనిషిని నేను. ఆ రోజు అడగలేదు.

కళ్ల డాక్టరు చిన్నపిల్ల, మా పెద్దమ్మాయి వయసుంటుంది. గోడ మీద మూడు కాళ్ల బొమ్మలు వరసగా ఉన్నాయి, పైన పెద్దవి, కిందకి పోయేకొద్దీ చీమలంత. కాళ్లు ఎటు తిరిగాయో చేత్తో చూపించాలి. చదువురాని వాళ్లకి అదే పరీక్ష. చిన్నది కుడి కన్నుతో అన్ని వరసలూ చూపించింది. ఎడమ కన్నుతో అన్నిటికన్నా పైనున్న ఒక్క బొమ్మే చూపించింది. రెండో వరస దగ్గర చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆ చెయ్యి ఎటు తిప్పాలో తెలియక అలాగే ఉండిపోవడం నేను చూశాను. చచ్చేదాకా మరిచిపోను.

గడ్డం ఆనించే మిషను ముందు కూర్చోబెట్టి, కంట్లో పచ్చరంగు వేసి, నీలం వెలుతురులో చాలాసేపు చూసింది డాక్టరు. తర్వాత నా చేతిలోని సీసా తీసుకుని, దాని మీది సన్నక్షరాలు చదివి, మొహం బిగించుకుంది.

"ఇది ఎవరి మందమ్మా?"

"మా యజమాని వాళ్లమ్మది. శుక్లాలప్పటిది."

"ఎప్పుడు తెరిచారు?"

లెక్క వేశాను. నేను ఏదీ మరిచిపోనని చెప్పాగా. "మా చిన్నదాని వేలికి సూది గుచ్చుకుని చీము పట్టిన నెల. అంటే ఏడాది దాటింది."

"తెరిచాక నెల దాటితే పారెయ్యాలి. అదొకటి. ఇంకోటి, ఇది వాపునీ ఎరుపునీ అణిచే మందు, ఆపరేషన్ అయినవాళ్లకి మేం దగ్గరుండి చూసుకుంటూ ఇచ్చేది. సూక్ష్మక్రిములతో పుండు పడ్డ కంట్లో ఇది పోస్తే ఎరుపు పోతుంది, పుండు మాత్రం లోపల చల్లగా పెరుగుతుంది. నల్లగుడ్డు మీద పుండు పడిందమ్మా ఈవిడకి."

చిన్నది నా చెయ్యి పట్టుకుంది. "కన్ను పోతుందా డాక్టరుగారూ?" అని అడిగింది. దాని గొంతు నేనెప్పుడూ అంత చిన్నగా వినలేదు.

"ఇవాళ వచ్చారు కాబట్టి నిలబెట్టడానికి చూద్దాం. శనివారం వచ్చుంటే ఈ మాట అనలేకపోయేదాన్ని." తర్వాత నా వైపు తిరిగింది. "చుక్కలు వేసింది ఎవరు?"

"నేనే."

"ఎలా వేశారో చూపించండి."

గర్వంగానే చూపించాను, ఏం దాచుకోను. మూత పెట్టిన సీసా చిన్నదాని కొలికి మీదకి తెచ్చి, ఆనించి, వాల్చి. "ఒక్క బొట్టు బయట పోదు," అన్నాను.

"ఒక్క బొట్టు బయట పోలేదు. ఐదుగురి పుసి లోపలికి వెళ్లింది," అంది డాక్టరు.

చెంప మీద కొట్టినా అంత తగలదు. అందరికన్నా గట్టి చెయ్యి అనుకున్న నా చెయ్యే కదా తిరిగి తిరిగి ఆ కంట్లో విషం పోసింది! నేను ఏడవలేదు. కోపం వచ్చింది, ముందు నా మీద, తర్వాత ఆ సీసా మీద.

"నేర్పించండి," అన్నాను. "చెబితే కాదు. చేసి చూపించండి. నాకు చదువు రాదు, చెయ్యి మాత్రం వస్తుంది."

బయట పాతికమంది కూర్చుని ఉన్నారు. అయినా ఆ పిల్ల, కళ్లు ఎండిపోయినవాళ్లకి వేసే ఉత్త తడి మందు కొత్తది తీసి, నన్నే కుర్చీలో కూర్చోబెట్టింది. ముందు తను సబ్బుతో చేతులు కడుక్కుంది. నా తల వెనక్కి వాల్చి, కింది రెప్పను ఒక వేలితో కిందకి లాగి, చిన్న సంచిలా చేసింది. సీసా ఎక్కడో పైన ఉంది, కంటికీ ముక్కుకీ మధ్య ఒక వేలు పట్టేంత ఖాళీ. చుక్క గాల్లోంచి వచ్చి సంచిలో పడింది. "ఇప్పుడు కన్ను మెల్లగా మూయండి, గట్టిగా బిగించకండి," అని ముక్కు పక్కన కొలికి మీద వేలితో నొక్కి ఒక నిమిషం ఉంచింది. "ఇలా నొక్కితే మందు ముక్కులోకీ గొంతులోకీ జారిపోదు, కంట్లోనే ఉంటుంది." తర్వాత నా చేతులు కడిగించి, ఇంకో కొత్త సీసా విప్పి, నాచేత తన కంట్లో వేయించుకుంది! మొదటిసారి చుక్క ఆవిడ బుగ్గ మీద పడింది.

"వృథా అయింది," అన్నాను.

"కానివ్వండి. బుగ్గ మీద పడితే తుడుచుకుంటాం, మళ్లీ వేసుకుంటాం."

మూడోసారికి వచ్చింది.

చిన్నదానికి క్రిముల మందు కొత్త సీసా రాసింది. రెండు రోజులు గంట గంటకీ, రాత్రిళ్లు కూడా లేపి. రేపు మళ్లీ రావాలి. తను ఆపమనేదాకా ఆపకూడదు. కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి పుసి తుడవాలి, ముక్కు వైపు నుంచి బయటకి, ఒకసారి తుడిచిన దూది మళ్లీ వాడకూడదు. తువ్వాలు వేరు, దిండుగుడ్డ వేరు. నొప్పి పెరిగినా, చూపు ఇంకా మసకబారినా, రెప్పలు వాచి దురద పుట్టినా గంట కూడా ఆగకుండా రావాలి. ఇన్ని చెబితే ఒక్కటీ రాసుకోలేదు నేను. అన్నీ ఇప్పుడు చెప్పినట్టే అప్పుడూ చెప్పాను, ఆవిడకే తిరిగి అప్పజెప్పాను. ఆవిడ నవ్వింది.

తిరిగి వెళుతూ దారిలో దుకాణంలో ఆగాను. చిన్నదాన్ని గుమ్మంలో కూర్చోబెట్టి లోపలికి వెళ్లాను. గడియారం ఎదురుగా, చేతులు కడుక్కునే తొట్టి దగ్గర, దుకాణం సీసా మూత తీసి బోర్లించి నొక్కాను.

"పెద్దమ్మా! ఏంటది? ఎంత మంచి మందు!"

"చుక్క కూడా మిగల్చను," అన్నాను. "ఇవాళ్టి నుంచి ఈ సొరుగులో సూదులే ఉంటాయి. ఎవరి కన్ను ఎర్రబడినా నన్ను పిలవొద్దు. డాక్టరు దగ్గరకి వెళ్లండి, ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోండి." మిగతా ముగ్గురు ఆడవాళ్ల వైపు తిరిగి చెప్పాను, "తప్పు నాది కూడా. నా చెయ్యి మంచిదని మీరు నమ్మారు. నేనూ నమ్మాను. మీలో ఎవరికి కన్ను కొంచెం మెరమెరలాడినా రేపే వెళ్లండి."

"గౌన్లో?" అన్నాడు గడియారం.

"గంట గంటకీ చుక్క వెయ్యాలి. చిన్నదేమో సీసా చూస్తే చాలు కన్ను బిగబట్టుకుంటుంది, తనకు తాను వేసుకోలేదు. మరిది లారీ మీద ఉన్నాడు. గౌన్లు మా ఇంటికి పంపు, మధ్యమధ్యలో చేస్తాను."

"లాయర్ల గౌన్లు దుకాణం దాటి పోవు. మా నాన్న కాలం నుంచీ ఉన్న కట్టుబాటు."

"మీ నాన్న కాలం నుంచీ ఈ సొరుగులో సీసా కూడా ఉంది," అని వచ్చేశాను.

చిన్నదాన్ని మా ఇంట్లోనే పెట్టుకున్నాను. గంటకోసారి సబ్బుతో చేతులు కడుక్కోవడం, రెప్ప లాగడం, సంచిలో చుక్క, కొలికి మీద వేలు. సీసా మెడకు ఎర్ర దారం కట్టాను, తెరిచిన రోజుకు ఒక ముడి. రోజుకో ముడి వేసుకుంటూ పోతే ఎన్నాళ్లయిందో అక్షరం రాకపోయినా తెలుస్తుంది. చిన్నది రెప్పలు బిగబట్టేది. "కప్పలా నోరు తెరుస్తావు, కన్ను తెరవమంటే ఏడుస్తావేం?" అని తిట్టేదాన్ని. "నీ చెయ్యి చూస్తే భయమేస్తోందక్కా," అనేది. వేళాకోళానికే అంది. కానీ నాకు గుచ్చుకుంది. ఆ భయం న్యాయమైనదే.

గురువారం డాక్టరు చూసి, "పెరగలేదు," అంది. తగ్గిందని అనలేదు. పెరగలేదన్న మాట పట్టుకుని ఇంటికి వచ్చాం.

అదే సాయంత్రం తలుపు తట్టిన చప్పుడు. చూస్తే గడియారం. నెత్తి మీద గౌన్ల మూట, తనే మోసుకొచ్చాడు. ఒక కన్ను ఎర్రగా మందారంలా ఉంది.

"ఇరవై రెండు మిగిలాయి పెద్దమ్మా. ఒకామెని కూర్చోబెట్టాను, చిల్లు పూడ్చమంటే బొడ్డులా ముడత వేసి పెట్టింది." మూట దించి కుర్చీలో కూలబడ్డాడు. జేబులోంచి కొత్త సీసా తీశాడు. "మందుల షాపులో అదే మందు అడిగి తెచ్చాను. కొత్తది, సీలు కూడా విప్పలేదు. నీ చేత్తో ఒక్క చుక్క వెయ్యి."

"వెయ్యను."

"కొత్తదే పెద్దమ్మా!"

"నీ కంట్లో ఏముందో నాకు తెలియదు, నీకూ తెలియదు, ఆ షాపువాడికీ తెలియదు. డాక్టరు చూడాలి."

"గంపలో పడుకున్నప్పుడు నా ముక్కు తుడిచావే!"

"ముక్కు తుడిచాను కాబట్టే చెబుతున్నా. ఆ సీసా నా ఇంట్లో మూత విప్పితే నిన్నూ దాన్నీ కలిపి బయట పెడతాను."

లోపలి గదిలోంచి చిన్నది కిసుక్కున నవ్వింది. రెండు రోజుల తర్వాత అది నవ్వడం అదే. నేను చేతులు కడుక్కుని దాని దగ్గరకి వెళ్లబోతుంటే గడియారం, అలవాటు పోదుగా, మణికట్టు చూసుకుని, "ఇంకా మూడు నిమిషాలుంది," అన్నాడు.

మర్నాడు డాక్టరు దగ్గరకి వెళ్లి మొహం మాడ్చుకుని వచ్చాడు. ఆయనది వేరే రకం కలకట, జలుబులాంటిదట, క్రిముల మందు దానికి పనిచెయ్యదట, దానంతటదే తగ్గుతుందట. తువ్వాలు వేరు పెట్టుకోమని, చేతులు కడుక్కోమని, ఇంట్లో కూర్చోమని పంపించిందట. "మందే రాయలేదు పెద్దమ్మా! ఊరికే వెళ్లినట్టయింది!" అన్నాడు గుమ్మం అవతలే నిలబడి, నేను లోపలికి రానివ్వలేదు. ఆరోజుకు మా గడియారం నిజంగా ఆగింది.

శనివారానికి ఇరవై రెండింట్లో పదమూడే అయ్యాయి. మిగతా తొమ్మిది గౌన్ల లాయర్లూ కోర్టులో పాత గౌన్లు వేసుకుని నిలబడ్డారు. లోకం మునిగిపోలేదు.

ఆరో రోజున మరిది లారీ దిగి వచ్చాడు. చిన్నదాని కన్ను అప్పటికి తేటగా ఉంది. నొప్పి లేదు, పుసి లేదు, తెల్ల చుక్క పలచబడింది. డాక్టరు చుక్కలు రోజుకు నాలుగుసార్లకి తగ్గించింది గానీ ఇంకా రెండు వారాలు వెయ్యమంది.

"బాగైపోయిందిగా వదినా, ఇంకా ఎందుకు?" అన్నాడు. "ఇక ఆపెయ్. ఆ సీసా నాకివ్వు, లారీలో పెట్టుకుంటా. దుమ్ములో కళ్లు మండితే పనికొస్తుంది."

"అవునక్కా, చాలు," అంది చిన్నది. దానికి మళ్లీ గౌన్ల మీద మనసు పోయింది.

సీసా గుప్పిట్లో పెట్టుకున్నాను. "ఏమయ్యా మరిదీ, పైకి కనబడనంత మాత్రాన చిల్లు పూడినట్టా? పడుగు వేసి పేక వెయ్యకుండా లేస్తే ఉతికిన మొదటిరోజే మళ్లీ నోరు తెరుస్తుంది. సగంలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు రాటుదేలతాయని డాక్టరు చెప్పింది. ఇది నీ పెళ్లాం కన్నుకు రాసిన మందు. నీ లారీకి రాసింది కాదు."

"నువ్వు మరీ పట్టుదలకి పోతావు వదినా."

"పోతాను. పోయినవారం పోలేదు కాబట్టే ఇంత దాకా వచ్చింది."

ఆయన గొణుక్కుంటూ స్నానానికి వెళ్లాడు. చిన్నది నా వైపు చూసింది. తల వెనక్కి వాల్చి, తనంతట తనే రెప్ప కిందకి లాగి, సంచి చేసి పట్టుకుంది. మొదటిసారి.

ఇరవయ్యో ముడి పడిన రోజున డాక్టరు మళ్లీ మూడు కాళ్ల బొమ్మల ముందు నిలబెట్టింది. కుడి కన్ను మూసుకుంది చిన్నది. మొదటి వరస, రెండో వరస, మూడో వరస. చెయ్యి తిరుగుతోంది. నేను గోడ చూడలేదు, ఆ చెయ్యే చూస్తూ కూర్చున్నాను. ఆరో వరస దాకా వెళ్లి ఆగింది. ఏడోది రాలేదు.

"చిన్న మచ్చ మిగులుతుంది, అంచున ఉంది కాబట్టి చూపుకు అడ్డం రాదు," అంది డాక్టరు. "ఇక మందు ఆపెయ్యండి."

సీసాలో కొంచెం మిగిలింది. మరిది చూస్తుండగానే చెత్తబుట్టలో వేశాను. ఎర్ర దారం విప్పి దాచుకున్నాను. తర్వాత చిన్నదానికి ఎప్పుడు ఏ మందు రాసినా అదే దారం కడుతున్నాను, ముడులు మళ్లీ మొదటి నుంచి.

మర్నాడు ఇద్దరం దుకాణానికి వెళ్లాం. మా ఇంటి నుంచి వెనక్కి తెప్పించుకున్న తొమ్మిది గౌన్లూ అలాగే బల్ల మీద ఉన్నాయి. గడియారం మా కుర్చీలు తనే తుడిచి పెట్టాడు. వాచీ చూసుకోలేదు. బల్ల చివర కూర్చుని బొత్తాలు కుట్టే ఆమె నన్ను చూడగానే అలవాటుగా, "పెద్దక్కా, నా కన్ను మెరమెరలాడుతోంది, కొంచెం..." అని సొరుగు వైపు చెయ్యి చాపింది. చాపిన చెయ్యి తనే వెనక్కి తీసుకుంది.

"సాయంత్రం వెళదాం. నేనొస్తాను తోడు," అన్నాను.

గడియారం నోరు తెరిచాడు. నేను ఆయన వైపు చూశాను. ముందు గదిలోకి వెళ్లిపోయాడు.

చిన్నది తన దీపం మెడ వంచుకుంది. సూదిలో నల్లదారం ఎక్కించడానికి రెండుసార్లు తప్పింది. మూడోసారి ఎక్కించింది. నేను రెండు వారాల కింద ఇంట్లో చేసిన గౌను ఒకటి వెనక్కి వచ్చింది, బొత్తాం ఊడిందని. దాన్ని దగ్గరకి లాక్కుని, కుడి కన్ను మూసి, ఎడమ కన్నుతో నా పని మీదకి వంగింది. చాలాసేపు చూసింది.

"అక్కా."

"ఏంటే?"

"ఇక్కడ ఒక పేక తప్పావు. రెండు పోగులు దాటేశావు."

నేను వంగి చూశాను. నాకు కనబడలేదు. దీపం దగ్గరకి లాక్కుని మళ్లీ చూశాను. అవును, తప్పాను.

"విప్పనా?" అంది.

"విప్పు," అన్నాను. "మొత్తం విప్పి మళ్లీ వెయ్యి."